ఎర్ర రాశి, తాలు రాశి

ఇది ఒక మహాకావ్యం. ఇందులో మంచు కొండలున్నాయి, యుద్ధ వాహనాలున్నాయి, ఆకాశమంతా కమ్ముకొచ్చిన మేఘాలున్నాయి, ఒక కుటుంబం తలరాత తేల్చిన ఎర్రటి రణరంగం ఉంది. వీటన్నిటి నడుమా తొణకని, బెణకని ఒక వీర సైనికుడున్నాడు.

ఇంతవరకూ రాసి నాన్నకు చదివి వినిపించాను. ఆయన మోకాలికి నూనె రాసుకుంటూ విని, "యుద్ధ వాహనాలెక్కడివిరా? ఉల్లిపాయల లారీ అది" అన్నాడు.

అక్కడితో మహాకావ్యం అయిపోయింది. మిగిలింది ఒక పంట మిరపకాయలు, మా ముగ్గురి కాపురం, చిలకలూరిపేట దగ్గర ఒక నూలు మిల్లు గేటు. ఆ గేటు పక్కన కుర్చీలో నాన్న కూర్చోవాలా, అక్కర్లేదా అన్నదే కథ. ఇంతకన్నా పెద్ద విషయం కావాలనుకునేవాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు.

నాన్న మిలట్రీలో డ్రైవరు. పెళ్ళికి ముందు చేరి, నేను బడికెళ్ళే వయసులో వచ్చేశాడు. ఉద్యోగమంతా కొండ దారుల్లో, పైనున్న శిబిరాలకు బియ్యం, ఉల్లిపాయలు, కిరసనాయిలు మోయడం. ఆయన వచ్చిన కొత్తలో ఊరు ఊరంతా కథల కోసం మా అరుగు మీద చేరిందట. శత్రువుని ఎంత దగ్గరగా చూశావని అడిగారట. శత్రువుని చూడలేదు గానీ ఒక మలుపులో కంచరగాడిద అడ్డమొచ్చిందని, దాన్ని తప్పించబోయి లారీ గోడకి ఆనించానని, దానికి సంజాయిషీ రాసిచ్చానని చెప్పాడట. జనం పలచబడ్డారు. నిలబడ్డ కొద్దిమందీ మిలట్రీ క్యాంటీను సీసాల మీద ఆశతో నిలబడ్డవాళ్ళు. నాన్న తాగడు, ఇంకొకరి కోసం తేడు. క్యాంటీనుకెళ్ళి సబ్బులూ, ఒకసారి కుక్కరూ తెచ్చాడు. ఆ సంగతి తెలిశాక మా అరుగు ఖాళీ అయింది. పేరు మాత్రం మిగిలింది. ఇప్పటికీ ఊళ్ళో ఆయన్ని మిలట్రీ అనే పిలుస్తారు.

ఆయన అక్కణ్ణించి తెచ్చుకున్నవి మూడు. దుప్పటి మడత పెట్టే పద్ధతి, ఎంత లాగినా ఊడని తాడు ముడి, ఒక నియమం. ముందు నుంచి దారి బాగుందని కబురు వచ్చేదాకా ఏ బండీ కదలకూడదన్నది ఆ నియమం. మంచు పడ్డప్పుడు లారీలన్నీ వరసగా ఆగిపోయేవట. కబురు రాకుండా కదిలినవాడు పోయినట్టే. చిన్నప్పుడు నేను ఊపిరి బిగబట్టి, అలా ఎవరైనా కదిలారా నాన్నా అని అడిగాను. ఒకడు కదిలాడన్నాడు. వాడికేమైందని అడిగాను.

"ఏమీ కాలేదు. వెళ్ళి వేడి వేడి టీ తాగాడు. మాకు చల్లారింది దొరికింది."

ఇందులో నీతి ఏమిటో నాకు ఇవాల్టిదాకా తెలియదు. నాన్నకి మాత్రం ఆ నియమం మీద నమ్మకం పోలేదు.

వచ్చినప్పటి నుంచీ సేద్యమే. నల్లరేగడిలో కొంత పత్తి, కొంత మిరప. పొద్దున లేవడం, పొలం, మందు కొట్టడం, కలుపు, మళ్ళీ పొలం. ఆయన గురించి నేనింకేమీ రాయకపోయినా ఆయన జీవితం మొత్తం రాసినట్టే. నేను డిగ్రీ అయ్యాక పోటీ పరీక్షలకు చదువుతూ ఇంట్లోనే ఉన్నాను కాబట్టి ఆ పనుల్లో నాకూ వాటా ఉంది. చదువుతున్నవాడు ఖాళీగా ఉన్నవాడితో సమానమని మా ఊళ్ళో అందరికీ ఒకటే అభిప్రాయం.

ఈ పంటకి ముందు వరసగా రెండేళ్ళు మిరపను నల్ల తామర పురుగు తినేసింది. పూత పూతంతా రాలిపోయింది. రెండో ఏడు నాన్న చెట్లు పీకి గట్టున పడేసి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, భోజనంలోకి పచ్చడి ఉందా అని అడిగాడు. లేదంది అమ్మ. అంతే, ఆ ఏటి దుఃఖం అంతటితో సరి.

కానీ అమ్మ లోపల లెక్కలు వేరేగా ఉన్నాయి. నాన్నతో పాటు పనిచేసిన ఒకాయన పేట దగ్గర మిల్లులో కాపలా వాళ్ళ మీద పెద్ద. గేటు దగ్గరకి మనిషి కావాలని, మిలట్రీ వాళ్ళైతే కళ్ళు మూసుకుని తీసుకుంటారని ఆయన కబురు పెట్టాడు. అమ్మ ఒకసారి బస్సులోంచి ఆ గేటు చూసొచ్చింది. గేటు పక్కన చిన్న గది, గదిలో కుర్చీ, కుర్చీకి పైన ఫ్యాను. ఆ ఫ్యాను అమ్మ మనసులో తిరగడం మొదలుపెట్టింది. నాన్న మోకాలు అరిగిపోయింది. చేలో సాళ్ళ బోదెల మధ్య నడిచొచ్చిన రోజు మెట్టెక్కాలంటే గోడ పట్టుకుంటాడు. ఎవరూ చూడట్లేదనుకుని పట్టుకుంటాడు. అమ్మ చూస్తుంది.

మూడో ఏడు నారు పోసే ముందు అమ్మ షరతు పెట్టింది. ఈసారి కూడా పంట పోతే చేను కౌలుకిచ్చేసి మిల్లుకి వెళ్ళాలి. నాన్న కాసేపు ఆలోచించి సరేనన్నాడు. అమ్మ మీద ఒట్టేసి కాదు, దేవుడి పటం ముందు కాదు, పళ్ళు తోముకుంటూ అన్నాడు. అయినా ఆయన సరే అంటే సరే. ఆయన ఆ మాట తప్పడని మాకు తెలుసు. అందుకే భయం.

ఎందుకంటే నాన్న కుర్చీలో కూర్చోలేడు. పెళ్ళిళ్ళలో కూడా లేచి వెళ్ళి వంటవాళ్ళ దగ్గర నిలబడతాడు. ఆయన్ని తెచ్చి ఒక ఇనుప గేటు పక్కన, వచ్చే లారీ పోయే లారీ చూస్తూ కూర్చోబెడితే ఏమైపోతాడో అమ్మకీ తెలుసు. కానీ మోకాలు కూడా ఆవిడకే తెలుసు కదా.

ఆ ఏడు పురుగు తక్కువ. కాయ బాగా దిగింది. కోతలయ్యాయి, కాయంతా ఆరబోసే కల్లానికి చేరింది. మా కల్లం రోడ్డు పక్కన మెట్ట మీద ఉంటుంది. చుట్టుపక్కల అందరివీ అక్కడే. ఎండ కాస్తే ఆ మెట్టంతా ఎర్ర తివాచీ పరిచినట్టుంటుంది అని రాయాలని ఉంది గానీ, అక్కడ నిలబడ్డవాడు ముందు తుమ్ముతాడు, తర్వాతే తివాచీ చూస్తాడు. కాయ సగం ఎండింది. ఇంకొన్ని మంచి ఎండలు పడితే చాలు.

అప్పుడు మబ్బు పట్టింది.

నా ఫోనులో వాన అన్నారు. టీవీలో వాన అన్నారు. నాన్న ఫోనూ చూడలేదు, టీవీ చూడలేదు. ఇంట్లో ఉన్న మనుషులందర్నీ, అంటే అమ్మనీ నన్నూ, కల్లంలో వరసగా నిలబెట్టి పని పంచాడు. కాయని రాశి చేశాం. మీద ఒక టార్పాలిన్ పట్టా, దాని మీద ఇంకో పట్టా. అంచుల మీద రాళ్ళు. రాళ్ళు చాలవని తాడు తిప్పి తన ముడి వేశాడు. పక్క కల్లం బాబాయ్ బీడీ కాలుస్తూ ఇదంతా చూసి, "ఏం అన్నాయ్, సరిహద్దుకి పంపిస్తున్నావా కాయని?" అన్నాడు. నాన్న ఆ మాట పట్టించుకోకుండా మా ఇద్దరికీ ఆజ్ఞ ఇచ్చాడు. తను చెప్పేదాకా ఎవరూ పట్టా ఎత్తకూడదు.

వాన కోసం ఎదురుచూశాం. ఎంత గొప్పగా ఎదురుచూశామో చెప్పలేను. నేను గొడుగు, లాంతరు, ఇంకో తాడు సిద్ధం చేసుకున్నాను. ఉరుము ఒకటి ఉరిమింది. మేమంతా లేచి నిలబడ్డాం. అది రోడ్డు మీద పత్తి లారీ గుంటలో పడ్డ చప్పుడు.

వాన రాలేదు. కొట్టాం పైకప్పు మీద నాలుగు చినుకులు పడ్డాయి, అవి కూడా మొహమాటానికి పడ్డట్టు పడ్డాయి. మబ్బు మాత్రం కదల్లేదు. మర్నాడు మధ్యాహ్నం కాస్త ఎండ పొడ వస్తే బాబాయ్ తన పట్టా తీసి కాయ పలచగా నెరిపాడు. నువ్వూ తియ్యి, లోపల ఉక్కపోసి చస్తుందని అరిచాడు. ఉత్తరాన నల్లగా ఉంది, ఇంకా దారి బాగాలేదన్నాడు నాన్న. ఆ మర్నాడు కూడా బాబాయ్ తీశాడు. నాన్న తియ్యలేదు. అమ్మ రెండుసార్లు అడిగింది. ఆకాశం అంతా ఒకే రంగులోకి వచ్చాక చెప్తానన్నాడు. ఆయన అనుకున్నదాంట్లో తప్పేం లేదు. కాకపోతే ఉల్లిపాయల లారీకి చెమట పట్టదు, సగం ఎండిన మిరపకాయకి పడుతుంది.

అంతా తేటపడ్డాక పట్టా తీశాం. ముడి విప్పడానికి ఆయనకే చాలాసేపు పట్టింది. లోపల్నుంచి వెచ్చటి ఆవిరి మొహానికి కొట్టింది, అన్నం వార్చినప్పుడు వచ్చేలాంటిది, కొంచెం పులిసిన వాసనతో. నాన్న రాశిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీశాడు. కాయ మెత్తబడి ఉంది. కొన్ని రంగు వెలిసి తెల్లబారాయి, కొన్నిటికి తొడిమ దగ్గర బూజు.

సినిమా అయితే ఇక్కడ ఆయన మోకాళ్ళ మీద కూలబడాలి. మా నాన్న మోకాలికి ఆ సౌకర్యం లేదు. గుప్పిట్లో కాయని కిందపెట్టి, "ఉడికిపోయింది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి నెరిపే పలక తెమ్మన్నాడు. ఆ పూటంతా కల్లం చాలక రోడ్డు వారన కూడా పలచగా పోశాం. బాబాయ్ ఏమీ అనకుండా తన కల్లంలో ఒక మూల ఖాళీ చేసిచ్చాడు. జోకులు వేసే మనిషి నోరు మూసుకున్నాడంటే పరిస్థితి బాగోలేదని నాకప్పుడు అర్థమైంది.

సాయంత్రం అరుగు మీద ఆ మాట నాన్నే ఎత్తాడు.

"పంట పోయిందా, ఉందా? నువ్వే చెప్పు" అన్నాడు అమ్మతో.

"నాకేం తెలుసు? ఏరితే గదా తెలిసేది."

"సరే, ఏరించు. తాలు రాశి ఎర్ర రాశి కన్నా ఎత్తు లేస్తే మిల్లుకెళ్తా. చొక్కాలు కుట్టించుకోవాలేమో కనుక్కో."

"వాళ్ళే ఇస్తారంట" అంది అమ్మ. ఆ సంగతి ఆవిడ అంతకుముందే కనుక్కుని ఉంచింది.

తాలు అంటే రంగు పోయిన కాయ. ఎండాక కూలీలు కూర్చుని కాయ కాయా చూసి ఎర్రదాన్ని ఒక పక్కకీ, తాలుని ఒక పక్కకీ ఏరతారు. మా ఊళ్ళో ఆ పనిలో అమ్మంత కఠినమైన మనిషి లేదు. మచ్చ అనుమానం తగిలినా సరే, ఆవిడ చేతిలో కాయ తాలులోకే పోతుంది. అనుమానపు కాయ ఎర్రదాంట్లో కలిస్తే బస్తా మొత్తానికి చెడ్డ పేరొస్తుందని కూలీలకి కూడా చెప్పి చెప్పి విసిగిస్తుంది. అందుకని మా కాయ ఏరడానికి వచ్చేవాళ్ళు మొదట మా అమ్మ ఉందా లేదా కనుక్కుని వస్తారు.

ఎండాక, కల్లం పక్కన పాక నీడలో ఆడవాళ్ళంతా అర్ధచంద్రంగా కూర్చున్నారు. నడుమ అమ్మ. నేను గంపలు మోయడం, రాశుల మీద పోయడం. మొదటి పూటకి రెండు రాశులూ సమానంగా లేచాయి. తర్వాత తాలు కొంచెం ముందుకెళ్ళింది. నాన్న ఎండలో పలక లాగుతూ, వంగి లేస్తూ, అటువైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు. ఎన్నికల లెక్కింపు రోజు అభ్యర్థులు అలాగే ఉంటారు.

రెండో రోజు మధ్యాహ్నం గంప కోసం అమ్మ వెనక నిలబడ్డాను. అమ్మ ఒక కాయ ఎత్తింది. తొడిమ కింద వేలెడంత తెల్లచార. అలాంటిదాన్ని ఆవిడ చూడకుండానే విసిరేస్తుంది. ఆ పూట మాత్రం తిప్పి చూసి, ఒక్క క్షణం ఆగి, ఎర్ర గంపలో వేసింది. ఇంకోటి. అదీ ఎర్ర గంపలోనే. పక్కనున్న కూలీల్లో పెద్దావిడ ఇది గమనించింది.

"ఏం అమ్మాయ్, కళ్ళు కనపడ్డం లేదా?"

"ఎండ పొడకి ఎర్రగానే అనిపిస్తంది అత్తా."

పెద్దావిడ పైకి చూసింది. పైన తాటాకు పాక. ఎండ పొడ ఎక్కడా లేదు. తర్వాత కల్లం వైపు చూసింది. అక్కడ నాన్న పలక నేలకి ఆనించి, దాని మీద బరువేసి మోకాలు సర్దుకుంటున్నాడు. ఆవిడ కాసేపు అటే చూసి, "నాకూ ఎర్రగానే ఉందిలే" అంది. ఆ వరసలో ఆ పూట అందరికీ చూపు మందగించింది.

మిల్లుకి వెళ్ళమని అడిగిందీ అమ్మే, చొక్కాలు కనుక్కున్నదీ అమ్మే. ఇప్పుడు దొంగ ఏరుడు ఏరుతున్నదీ అమ్మే. ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి. దీన్ని పట్టుకుని గొప్పగా రాయొచ్చు గానీ, మిరపకాయ ఏరేచోట అందరి కళ్ళల్లోనూ నీళ్ళుంటాయి. సాక్ష్యం కింద చెల్లవు. నావీ కారుతున్నాయి, నేను అదే చేత్తో తుడుచుకున్నాను కూడా. ఆ తర్వాత కాసేపు నాకు ఏ రాశీ కనపడలేదు.

అంతటితో అయిపోయి ఉంటే అమ్మ గెలిచేది. కానీ సాయంత్రం కూలీలు వెళ్ళాక నాన్న వచ్చి ఎర్ర రాశి పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. పైపైన చెయ్యి తిప్పాడు. ఒక తెల్లచార కాయ దొరికింది. ఇంకోటి దొరికింది. వాటిని ఒక్కొక్కటే తీసి తాలు రాశి మీదకి విసరడం మొదలుపెట్టాడు. తనని మిల్లుకి పంపించే రాశి మీదకి, తన చేత్తోనే. అమ్మ కొట్టాం ముందు పొయ్యి దగ్గర్నుంచి చూసి లేచొచ్చింది.

"చీకటి పడతంది. ఇప్పుడెందుకండీ అది?"

"ఎవరో సరిగ్గా ఏరట్లేదు."

"రేపు చెప్తాలే వాళ్ళకి."

"గట్టిగా చెప్పు. ఇట్టాంటి కాయ బస్తాలోకి పోతే ఎవరి పేరు పోతది?"

"చెప్తానన్నాగా."

మర్నాడు అమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. పగలు ఆవిడ కలిపేది, సాయంత్రం ఆయన తీసేవాడు. ఏరుడు అయ్యేదాకా ఇదే వరస. ఇద్దరూ ఒకరి సంగతి ఒకరికి తెలియనట్టే ఉన్నారు. ఇద్దరూ నాకు తెలియదనుకున్నారు. నేను గంపలు మోశాను. పోటీ పరీక్షలకన్నా అది కష్టమైన పని, దేనికీ మార్కులు లేవు.

చివరి గంప పోశాక అందరం రాశుల ముందు నిలబడ్డాం. నిజం చెప్పాలంటే నాకు తేడా తెలియలేదు. ఎర్రది కొంచెం వెడల్పు, తాలుది కొంచెం మొనదేలి ఉంది. బాబాయ్ తన కల్లంలోంచి వచ్చి, ఒక కన్ను మూసి, చుట్టూ తిరిగి చూసి, కొలకర్ర కావాలన్నాడు. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. ఏది పడితే అది అనిపించుకోవడానికి సిద్ధంగా ఉన్న మనిషి నిలబడే తీరు అది.

అమ్మ తొట్టి దగ్గర చేతుల మంట పోవడానికి మజ్జిగతో చేతులు రుద్దుకుంటోంది. ఇటు వీపు పెట్టి ఉంది.

"ఎర్రదే ఎత్తు" అంది.

"చూడకుండానే?" అన్నాడు బాబాయ్.

"ఏరింది నేను. నాకు తెలీదా? ఏవండీ, బస్తాలు తీసుకురండి, మళ్ళీ మబ్బు పట్టకముందే."

నాన్న ఇంకో క్షణం అలాగే నిలబడి, కొట్టాం లోపలికి బస్తాల కోసం వెళ్ళాడు. గుమ్మం దగ్గర గోడ పట్టుకుని మెట్టెక్కాడు. ఈసారి అందరూ చూస్తుండగానే పట్టుకున్నాడు.

ఆ వారంలోనే ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని పేటకి బయల్దేరాడు. నోటిమాటగా కబురు పంపితే సరిపోతుంది. కానీ తన కోసం చోటు పట్టి ఉంచిన మనిషికి ఎదురుగా వెళ్ళి చెప్పాలన్నాడు. బస్సుస్టాపు దాకా నేను తోడు వెళ్తే, దారి పొడుగునా చెప్పబోయే మాటలు నాకు వినిపించాడు. మీరు నా మీద ఉంచిన నమ్మకానికి కృతజ్ఞుడిని, భూమి నన్ను వదలడం లేదు అని ఉంది అందులో. నేను రెండో వాక్యం తీసేయమన్నాను. ఆయన ఉంచుతానన్నాడు. మొత్తం జీవితంలో ఆయన తయారు చేసుకున్న ఒకే ఒక ప్రసంగం అది.

మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చాడు. చంకలో పెద్ద మూట. అమ్మ మంచినీళ్ళిచ్చి, చెప్పారా అని అడిగింది.

"చెప్పేందుకేముంది? గేటు దగ్గర ఎవరో కుర్రాడు కూర్చునున్నాడు. సంక్రాంతికి ముందే చేరాడంట. మనాయన నాకు చెప్పడం మర్చిపోయాడంట."

అమ్మ గ్లాసు అందుకుంది. ఫ్యాను ఉందా అని నేనడిగాను. ఉంది, తిరగట్లేదన్నాడు. తర్వాత మూట విప్పాడు. లోపల కొత్త టార్పాలిన్ పట్టా. కాయ ఉడికినప్పుడు పాతదానికి అంటుకున్న బూజు మరకలు ఎంత రుద్దినా పోలేదు. కల్లంలో పాతదాని పక్కన పరిచి చూశాం. ఒక పక్క మూరెడు తక్కువైంది.